గోల్ఫ్ ముందు వార్మప్: రేంజ్‌లో బకెట్ కొట్టాలా, పార్కింగ్‌లో పది నిమిషాలు ఒళ్ళు కదపాలా?

పొద్దున 4:45కి అలారం, 5:20కి కార్లో, 6 కల్లా క్లబ్ పార్కింగ్, 6:12కి టీ టైం, అంటే మొదటి బంతి కొట్టాల్సిన టైం. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ శని ఆదివారాలు ఆడేవాళ్ళం చాలామందికి గోల్ఫ్ అంటే ఇదే, ఎండ ముదరక ముందే 18 హోల్స్ అయిపోవాలి కాబట్టి. ఆ 12 నిమిషాల్లో షూస్ వేసుకోవాలి, గ్లవ్ వెతుక్కోవాలి, మిగతా ముగ్గురినీ పలకరించాలి, ఇంక వార్మప్‌కి టైం ఎక్కడిది, రెండు సార్లు గాల్లో క్లబ్ (గోల్ఫ్ కర్ర) ఊపేసి డ్రైవర్‌తో, అంటే అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్‌తో, దబ్బున ఒకటి బాదేయడమే. నేను ఆరేళ్ళు ఇలాగే ఆడాను. మూడేళ్ళ క్రితం డిసెంబర్‌లో ఒక చలి పొద్దున, మొదటి టీలో (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) బాదాక టీ పెగ్ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) తీసుకుందామని వంగాను, అంతే, నడుం కుడిపక్క ఎవరో పట్టుకుని పిండినట్టు అయ్యి ఇక లేవలేకపోయా. ఐదు వారాలు క్లబ్ ముట్టుకోలేదు.

ఫిజియో దగ్గరికి వెళ్తే ఆవిడ నా స్వింగ్ గురించి ఏమీ అడగలేదు. మొదటి ప్రశ్నే "నిద్ర లేచాక ఎంతసేపటికి ఆడారు?" రెండోది "మధ్యలో ఏం చేశారు?" నేను చెప్పిన జవాబు "కార్ నడిపాను". ఆ తర్వాత మళ్ళీ కోర్స్‌కి వెళ్ళిన రోజు, నేను కార్ దిగి బిగుసుకుపోయి నడుస్తుంటే మా క్యాడీ (బ్యాగ్ మోసే అతను) అన్న మాట నాకింకా గుర్తే. "సార్, మీరైతే దిగిర్రు గానీ మీ నడుం ఇంకా కార్లనే కూసుంది." వార్మప్ అంటే ఏంటో నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

అప్పట్నుంచి ఈ విషయంలో నేను నాలుగు రకాలుగానూ చేసి చూశాను. ఏమీ చేయకుండా ఆడటం ఒకటి, పార్కింగ్‌లోనే ఒళ్ళు కదిపి ఆడటం ఒకటి, పుట్టింగ్ గ్రీన్ (బంతిని హోల్‌లోకి దొర్లించడం ప్రాక్టీస్ చేసే పచ్చిక) దగ్గర టైం గడిపి ఆడటం ఒకటి, గంట ముందే వెళ్ళి రేంజ్‌లో (బంతులు కొట్టి ప్రాక్టీస్ చేసే చోటు) ఒక బకెట్ బంతులు కొట్టి ఆడటం ఒకటి. ఎవరికి ఏది సరిపోతుందో చెప్పే ముందు ఒక్క మాట చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది పొరపాటు పడేది ఇక్కడే: బంతులు కొట్టడం వార్మప్ కాదు. అది వార్మప్ అయ్యాక చేసే పని. చల్లటి ఒంటితో రేంజ్‌లో 50 బంతులు బాదినా అదే నడుం, అదే ప్రమాదం, మొదటి టీ బదులు రేంజ్ మ్యాట్ మీద జరుగుతుంది, అంతే తేడా.

ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి. మన వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు రాత్రి పడుకున్నప్పుడు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే పొద్దున లేవగానే మనం రాత్రి కంటే సెంటీమీటరో ఇంకాస్తో పొడుగు ఉంటాం. ఆ ఉబ్బిన స్థితిలో నడుం వంచితే డిస్క్ మీద పడే ఒత్తిడి సాయంత్రం కంటే చాలా ఎక్కువ, నిలబడి అటూ ఇటూ తిరిగే కొద్దీ మొదటి గంటలోనే ఇది బాగా తగ్గుతుంది. మనం ఆ గంటలో చేసేదేమో కార్ సీట్లో నడుం వంచుకుని కూర్చోవడం, దిగగానే డిక్కీలోంచి బ్యాగ్ ఎత్తడం, తర్వాత వంగి షూ లేసులు కట్టుకోవడం. దాని మీద డ్రైవర్ స్వింగ్. మామూలు మగ అమెచ్యూర్ స్వింగ్‌లో కూడా క్లబ్ హెడ్ గంటకి 90 మైళ్ళ దాకా పోతుంది, పైనుంచి బంతి దాకా రావడానికి పట్టేది సుమారు పావు సెకను. వంగి ఉండి, తిరుగుతూ, అంత వేగంగా. గోల్ఫర్లకి నడుం నొప్పి అంత మామూలు అవ్వడంలో ఆశ్చర్యం ఏముంది చెప్పండి.

ఇంకో సంగతి, అందరూ చేసే ఆ వంగి కాలివేళ్ళు ముట్టుకోవడం ఉంది చూడండి, స్కూల్లో డ్రిల్ పీరియడ్ నుంచి మనకి వార్మప్ అంటే అదే, పొద్దున్నే ఆడేవాళ్ళు దయచేసి అది మానేయండి. పైన చెప్పిన కారణం వల్ల ఆ టైంలో నడుంకి అన్నిటికంటే పడనిది అదే.

ఇప్పుడు ఒక్కోటి చూద్దాం.

ఏమీ చేయకుండా నేరుగా టీకి వెళ్ళడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2001లో ఆస్ట్రేలియాలో 1,040 మంది అమెచ్యూర్లని గమనించి చేసిన ఒక పరిశోధన వచ్చింది, సగం కంటే కొంచెం ఎక్కువమందే ఏదో ఒక వార్మప్ చేశారు, వాళ్ళలో కూడా ఎక్కువమంది చేసింది టీ మీద గాల్లో ఊపడమే. మన దగ్గర కూడా నేను చూసేది అదే. పాతికేళ్ళ కుర్రాడు, సాయంత్రం పూట, రోజంతా తిరిగి వచ్చినవాడైతే ఇలా ఆడినా ఏమీ కాకపోవచ్చు. నలభై దాటి పొద్దున్నే ఆడేవాళ్ళకి మాత్రం ఇది ఆప్షనే కాదు. స్కోర్ పరంగా చూసినా మొదటి మూడు హోల్స్ వార్మప్‌గా వాడుకుంటున్నారన్నమాట, ఆ మూడింట్లో పోయిన స్ట్రోకులు తర్వాత రావు.

పార్కింగ్‌లో పది నిమిషాలు: నా ఓటు దీనికే, అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను. రేంజ్ అక్కర్లేదు, బంతులు అక్కర్లేదు, డబ్బులు అక్కర్లేదు. ముందు రెండు మూడు నిమిషాలు వడివడిగా నడక, క్లబ్ హౌస్ దాకా వెళ్ళి రావడం చాలు, కొంచెం ఊపిరి పెరిగి ఒళ్ళు వెచ్చబడాలి. తర్వాత ఒక ఐరన్ (ఇనుప తల ఉన్న క్లబ్) తీసి కర్రలా నేలకి ఆనించి పట్టుకుని, ఒక కాలు ముందుకీ వెనక్కీ పది సార్లు, పక్కలకి పది సార్లు ఊపడం, తర్వాత రెండో కాలు. గుంజీళ్ళు సగం వరకు ఒక పది. తుంటి గుండ్రంగా తిప్పడం రెండు వైపులా. ఇక్కడి వరకు నడుం కింది భాగం. ఇదే ముఖ్యం, ఎందుకంటే స్వింగ్‌లో తిరగాల్సింది తుంటి, పైన ఛాతీ, నడుం కాదు. ఆ రెండూ బిగుసుకుపోయి తిరగకపోతే ఆ పని కూడా నడుం చేయాల్సి వస్తుంది, నాకు జరిగింది అదే అని ఫిజియో చెప్పారు.

తర్వాత క్లబ్‌ని భుజాల మీద అడ్డంగా పెట్టుకుని, బంతి ముందు నిలబడ్డట్టే కొంచెం మోకాళ్ళు వంచి, తుంటిని కదపకుండా ఛాతీని మాత్రం మెల్లగా అటూ ఇటూ తిప్పాలి, పది పది. మొదటి రెండు మూడు సార్లు ఎంత తక్కువ తిరుగుతుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది, ఎనిమిదో సారికి అదే ఛాతీ ఇంకో జానెడు ఎక్కువ పోతుంది. తర్వాత చేతులు గుండ్రంగా, మణికట్లు, మెడ మెల్లగా. ఆఖర్న స్వింగులు: వెడ్జ్‌తో (దగ్గరి దెబ్బలకి వాడే క్లబ్) సగం స్వింగులు ఐదారు, తర్వాత అదే క్లబ్ తిరగేసి పట్టుకుని ఎడమ చేతివాటం వాళ్ళలా ఐదారు (ఇది మాత్రం మర్చిపోవద్దు, ఒకే వైపు తిరిగే ఆట కాబట్టి రెండో వైపు తిప్పితే నడుంకి చాలా హాయి), తర్వాత డ్రైవర్‌తో మెల్లగా ఒకటి, మధ్యస్థంగా ఒకటి, పూర్తి వేగంతో రెండు. అయిపోయింది. పది నిమిషాలు కూడా పట్టదు.

స్పెయిన్ గోల్ఫర్ మిగుయెల్ ఏంజెల్ హిమెనెజ్ వార్మప్ వీడియోలు చూసే ఉంటారు, మోకాళ్ళు గుండ్రంగా తిప్పుతూ, తుంటి ఊపుతూ. అందరూ నవ్వుకోవడానికి షేర్ చేసుకుంటారు గానీ, ఆయన 2014 మేలో స్పానిష్ ఓపెన్ గెలిచేటప్పటికి వయసు 50 దాటింది, యూరోపియన్ టూర్‌లో అంతకు ముందు ఆ వయసులో గెలిచినవాళ్ళు ఎవరూ లేరు. నేనైతే ఆ వీడియో పాఠంలా చూస్తాను. పార్కింగ్‌లో ఇలా కాళ్ళూ చేతులూ ఊపుతుంటే ఎవరైనా చూస్తారేమో అని మొహమాటపడేవాళ్ళకి కూడా అదే చూపిస్తాను.

స్ట్రెచింగ్ మంచిదే కదా అని అడుగుతారు. రెండు రకాలు ఉన్నాయి. ఒక భంగిమలో ఆగి పట్టి ఉంచడం ఒకటి, కదులుతూ చేసేది ఇంకోటి. ఒకే కండరాన్ని నిమిషం పైన పట్టి ఉంచితే ఆ తర్వాత కాసేపు దాని బలం, చురుకు తగ్గుతాయని చాలా పరిశోధనల్లో తేలింది, 15, 20 సెకన్లు పట్టుకుంటే పెద్ద తేడా లేదు. అందుకని ఆడే ముందు కదిలేవి, ఆట అయ్యాక ఇంటికెళ్ళి స్నానం చేశాక పట్టి ఉంచేవి, నేను పాటించేది ఇదే. 2004లో పైన చెప్పిన ఆస్ట్రేలియా వాళ్ళే 20 మంది గోల్ఫర్లతో ఐదు వారాలు చేయించి చూస్తే వార్మప్ చేసిన గ్రూప్‌కి క్లబ్ హెడ్ స్పీడ్ పెరిగింది. అంటే నడుం కోసం మాత్రమే కాదు, దూరం కోసం కూడా అన్నమాట.

బరువు క్లబ్బులు, షాఫ్ట్‌కి (క్లబ్ కాడకి) తొడిగే బరువు రింగులు కొనాలా అని కూడా అడుగుతుంటారు. నా మటుకు అవసరం లేదు, రెండు ఐరన్లు కలిపి పట్టుకుని మెల్లగా ఊపితే చాలు. బరువుది తిప్పి పక్కన పెట్టాక మామూలు క్లబ్ తేలిగ్గా, వేగంగా అనిపిస్తుంది, కానీ అనిపించడం వేరు, నిజంగా వేగం పెరగడం వేరు. ఒకవేళ ఉన్నా రౌండ్ మొదలయ్యే వరకే వాడండి, రౌండ్ మధ్యలో ఆ రింగుతో ఊపితే రూల్ 4.3 ప్రకారం పెనాల్టీ.

ఇక పుట్టింగ్ గ్రీన్. మీ దగ్గర 20 నిమిషాలు ఉంటే, పది ఒంటికి, పది ఇక్కడ. రేంజ్‌కి కాదు, ఇక్కడికే. రౌండ్‌లో మనం కొట్టే స్ట్రోకుల్లో మూడో వంతు పైనే పుట్టర్‌తోనే కదా. ముందు దూరం పుట్లు, పది పన్నెండు గజాలవి, హోల్‌లో వేయాలని కాదు, ఆ రోజు గ్రీన్ ఎంత వేగంగా ఉందో చేతికి తెలియాలి. పొద్దున మంచు పడితే బంతి వెనక నీళ్ళ గీత కనిపిస్తుంది చూడండి, ఆ గీత కనిపిస్తున్నంత సేపూ బంతి బరువుగా పోతుంది, ఎండ పడి గ్రీన్లు ఆరేసరికి, మూడో నాలుగో హోల్ నుంచి, అదే దెబ్బకి బంతి హోల్ దాటి మీటర్ పోతుంది. ఇది తెలియక నేను నాలుగో హోల్‌లో ఎన్ని త్రీ-పుట్లు (ఒకే గ్రీన్ మీద మూడు దెబ్బలు) చేశానో. చివర్న మీటర్ దూరం నుంచి ఐదారు లోపల పడేసి, ఆ టక్‌మనే చప్పుడు విని టీకి వెళ్ళండి. చిప్పింగ్ (గ్రీన్ పక్కనుంచి చిన్న దెబ్బతో బంతిని లేపి వేయడం) చేసే చోటు ఉంటే ఐదారు బంతులు, కొన్ని క్లబ్బుల్లో పుట్టింగ్ గ్రీన్ మీదకి చిప్ చేయనివ్వరు, బోర్డు చూసుకోండి.

రేంజ్ మంచిది కాదని నేను అనట్లేదు. టైం ఉన్నవాళ్ళకి, టోర్నమెంట్ ఆడేవాళ్ళకి అదే బెస్ట్, ప్రొఫెషనల్స్ గంట ముందే రావడం మామూలే. కానీ వాళ్ళు రేంజ్‌కి వచ్చే ముందే ఒళ్ళు వేడెక్కించుకుని వస్తారు, మనం ఆ భాగం వదిలేసి బంతులు కొట్టే భాగం మాత్రం తీసుకున్నాం. మ్యాట్ మీద కొడితే ఇంకో ఇబ్బంది, క్లబ్ బంతి వెనక నేలకి తగిలినా మ్యాట్ మీద జారిపోయి బంతి బాగానే లేస్తుంది, బాగా కొట్టాననుకుంటాం, అదే దెబ్బ గడ్డి మీద పడితే మట్టి లేచి బంతి పది గజాలు పోతుంది. రేంజ్ బంతులు కూడా మన బంతుల కంటే దూరం తక్కువే పోతాయి, అక్కడి దూరాలు చూసి ఆ రోజు క్లబ్ ఎంచుకోవద్దు. వెళ్తే మాత్రం 25, 30 బంతులు చాలు. వెడ్జ్ ఎనిమిది, 7 ఐరన్ ఎనిమిది, హైబ్రిడ్ నాలుగు, డ్రైవర్ ఐదు, ఆఖరి బంతి మొదటి హోల్‌ని కళ్ళ ముందు ఊహించుకుని కొట్టండి, ఎడమపక్క ఓబీ (కోర్స్ హద్దు బయట) ఉంటే ఇక్కడ కూడా ఉందనుకుని. స్లైస్ (బంతి కుడికి వంకర తిరగడం) వస్తుంటే ఆ రోజు దాన్ని సరిచేయడానికి కూర్చోవద్దు. ఎంత స్లైస్ వస్తుందో చూసుకుని అంత ఎడమకి గురి పెట్టి ఆడేయండి, రిపేర్ పని మంగళవారం సాయంత్రం పెట్టుకోండి. 80 బంతులు కొట్టి చెమటలు కక్కుతూ మొదటి టీకి వచ్చేవాళ్ళని చూస్తాను, పద్నాలుగో హోల్‌కి కాళ్ళలో సత్తువ ఉండదు, అందులోనూ ఏప్రిల్ మే ఎండల్లో.

రేంజ్ అయ్యాక 20 నిమిషాలు కాఫీ తాగుతూ కూర్చుంటే చేసిందంతా చల్లబడిపోతుంది, అది కూడా గుర్తుంచుకోండి. వరస ఇలా ఉండాలి: ఒళ్ళు, రేంజ్, పుట్టింగ్, టీ.

ఎవరికి ఏది అని ఇప్పుడు చెప్పుకుంటే, వారానికి ఒకసారి ఆడే ఆఫీసు మనిషికి ఒంటి వార్మప్ పది నిమిషాలు, ఇంకా మిగిలితే పుట్టింగ్. అరవై దాటిన పెద్దవాళ్ళకి కూడా అదే, కానీ నడక ఐదు నిమిషాలు చేయాలి, కాళ్ళు ఊపేటప్పుడు బగ్గీ (కోర్స్ మీద తిరిగే చిన్న బండి) పట్టుకోవాలి, గుంజీళ్ళ బదులు బగ్గీ సీటు మీద కూర్చుని లేవడం పది సార్లు. షుగర్‌కి మందు వేసుకునేవాళ్ళు ఖాళీ కడుపుతో మొదలుపెట్టొద్దు, నాలుగు గంటల నడక అది. తిప్పేటప్పుడు కాలిలోకి జివ్వుమని లాగినా, ఛాతీలో బరువుగా అనిపించినా ఆ రోజు ఆట మానేసి డాక్టర్ దగ్గరికే. స్లైస్ కొట్టే బిగినర్‌కి రేంజ్ కంటే చిప్పింగ్ మేలు, చిన్న స్వింగులతో బంతి మధ్యలో తగలడం అలవాటై మొదటి టీలో వణుకు తగ్గుతుంది.

టోర్నమెంట్ ఆడేవాళ్ళు టీ టైం నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. 7:30కి టీ అంటే 7:20కి టీ దగ్గర, 7:05కి పుట్టింగ్, 6:40కి రేంజ్, 6:25కి ఒళ్ళు. వార్మప్‌లో మునిగిపోయి లేటైతే ఐదు నిమిషాల లోపు రెండు స్ట్రోకులు పెనాల్టీ, అది దాటితే డిస్‌క్వాలిఫై, రూల్ 5.3. అలాగే స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీ) రౌండ్‌కి ముందు కోర్స్ మీద ప్రాక్టీస్ చేయకూడదు, మొదటి టీ దగ్గర చిప్పింగ్ పుట్టింగ్, ప్రాక్టీస్ ఏరియాల్లో ప్రాక్టీస్ మాత్రం చేసుకోవచ్చు.

కంపెనీల టోర్నమెంట్లలో షాట్‌గన్ స్టార్ట్ ఉంటుంది చూడండి, అందరూ ఒకేసారి వేరే వేరే హోల్స్ నుంచి మొదలుపెట్టేది, అక్కడ వార్మప్ అంతా వృథా అవుతుంది. రేంజ్‌లో కొట్టి, తర్వాత స్పీచ్‌లు, టిఫిన్, బగ్గీలో పదకొండో హోల్ దాకా పది నిమిషాలు. అలాంటప్పుడు ముందు రేంజ్‌కి వెళ్ళకుండా మీ హోల్ దగ్గర బగ్గీ దిగాకే ఒంటి వార్మప్ చేయండి. మీ మొదటి హోల్ పార్ త్రీ (మూడు దెబ్బల్లో ముగించాల్సిన చిన్న హోల్) అయితే ఆఖరి నాలుగు స్వింగులు డ్రైవర్‌తో కాకుండా ఆ ఐరన్‌తోనే.

డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉండి ఆడే మనవాళ్ళు చాలామంది ఉన్నారు, అక్టోబర్ నవంబర్ నుంచి వాళ్ళకి ఫ్రాస్ట్ డిలే అని ఇంకో తలనొప్పి, గడ్డి మీద గడ్డకట్టిన మంచు కరిగేదాకా కోర్స్ మీదకి పంపరు, తొక్కితే గడ్డి చచ్చిపోతుంది కాబట్టి. అక్కడ పెద్ద తప్పేంటంటే వార్మప్ చేసేసి, తర్వాత క్లబ్ హౌస్‌లో ముప్పావు గంట కూర్చోవడం. పిలిచే వరకు ఆగి, జాకెట్ విప్పకుండా అప్పుడు చేయండి, పది కాదు పదిహేను నిమిషాలు. చలికి బంతిని రౌండ్‌లో హీట్ ప్యాక్‌తో వేడి చేసుకుంటే ఎక్కువ పోతుందని కొందరు చేస్తారు, అది రూల్స్‌కి విరుద్ధం, వేడి చేసుకోవాల్సింది ఒంటిని.

అన్నీ ప్లాన్ చేసుకున్నా ఏదో ఒక రోజు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీద లారీ అడ్డం పడి మీరు టీ టైంకి మూడు నిమిషాల ముందు వస్తారు. ఆ మూడు నిమిషాల్లో పార్కింగ్ నుంచి టీ దాకా పరుగులాంటి నడక, క్లబ్ భుజాల మీద పెట్టుకుని ఛాతీ పది సార్లు, ఎడమ చేతివాటంగా నాలుగు ఊపులు. ఆ రోజు డ్రైవర్ బ్యాగ్‌లోనే ఉండనివ్వండి, 7 ఐరన్ తీసి ముప్పావు స్వింగ్‌తో ఫెయిర్‌వేలో (టీకి, గ్రీన్‌కి మధ్య కత్తిరించిన గడ్డి) వేయండి, నాకు రెండు మూడు హోల్స్ పడుతుంది నడుం పూర్తిగా వదలడానికి, అప్పటివరకు డ్రైవర్ కవర్ తీయను. మా క్యాడీకి ఇది తెలుసు, నేను లేటుగా వచ్చిన రోజు అడక్కుండానే 7 ఐరన్ చేతికిస్తాడు.